ఊరక నిలిచిన బండిలో బ్యాటరీ ఎందుకు దిగిపోవును?

వరంగల్లు పరిసరములలో సొంత బండి గల కుటుంబములకు రెండేండ్లకొకసారి ఆ బండియే ఇల్లగును. మాఘ పౌర్ణమి దినములలో మేడారమున సమ్మక్క సారలమ్మల జాతర జరుగునప్పుడు, పూర్వము గూడు బండ్లు కట్టుకొని వెళ్లిన కుటుంబములే నేడు ట్రాక్టర్లలోను, వ్యానులలోను బయలుదేరుచున్నవి. వరంగల్లు నుండి ములుగు, తాడ్వాయి మీదుగా మేడారము నూరు కిలోమీటర్లకు అటు ఇటు. ప్రయాణము కొన్ని గంటలే; నివాసము మాత్రము మూడు నాలుగు దినములు. జంపన్న వాగులో స్నానము, ఎత్తు బెల్లము సమర్పించుట, కన్నెపల్లి నుండి సారలమ్మయు, చిలుకలగుట్ట నుండి సమ్మక్కయు గద్దెలకు వచ్చుట కన్నులార చూచుట, ఇవన్నియు ముగియువరకు వంట బండి ప్రక్కన, నిద్ర బండి లోపల. పాశ్చాత్య దేశములలో కారవాను అని పిలుచు ఇంటిబండికి మన ప్రాంతమున ఇంతకంటె దగ్గరి పోలిక లేదు. ఆ ఇంటిబండికి వచ్చు మొదటి రోగమే మన బండికిని వచ్చును: బ్యాటరీలో నింపిన విద్యుత్తు నిలువదు.

2024వ సంవత్సరము ఫిబ్రవరి జాతరకు మా అన్నగారి వ్యానులో తొమ్మండుగురము వెళ్లితిమి. వెనుక సీట్లు తీసివేసి బల్లలు పరచి, రెండు దీపములు, ఒక పంకా, పాటల పెట్టె అమర్చిన బండి అది. ఇంజను బ్యాటరీ చాలదని ముందు సీటు క్రింద మరియొక బ్యాటరీ పెట్టించి, రెండింటిని ఒక తీగతో కలిపించినారు. ఒక చిన్న ఇన్వర్టరు కూడ వెనుక తలుపు వద్ద బిగించిరి. దాని అవసరమంతయు మా పెద్దమ్మ కొరకే. ఆమెకు ఆయాసము, రాత్రివేళ నెబ్యులైజరు యంత్రముతో మందు పట్టవలసి వచ్చును. మొదటి రాత్రి అంతయు సవ్యముగ జరిగినది. రెండవ రాత్రి ఒంటిగంట ప్రాంతమున, జాతర దుమ్ము వలననో, చలి వలననో ఆమెకు ఊపిరి ఆడలేదు. యంత్రమును కలుపగనే ఇన్వర్టరు కీచుమని ఆగిపోయినది. చిత్రమేమనగా, దీపములు వెలుగుచునే యున్నవి. పంకా తిరుగుచునే యున్నది. ఇంజను నడిపింతమని అన్న తాళము త్రిప్పగా సెల్ఫ్ అందుకొనలేదు. ప్రక్క బండివారు లేచి, తమ బండిని దగ్గరకు తెచ్చి, తీగలు వేసి మా ఇంజనును నడిపించినారు. ఇంజను నడచిన తరువాత యంత్రము నడచినది. తెల్లవారకముందే పెద్దమ్మను వైద్య శిబిరమునకు చేర్చితిమి, ఆమె కోలుకొన్నది. కాని ఆ ఇరువది నిమిషములు మాలో ఎవ్వరును మరువలేదు.

ఇంటికి వచ్చిన పిదప ఆ బ్యాటరీని దుకాణములో ఛార్జింగుకు పెట్టించి తెచ్చిరి. పది దినములు బండి కదలలేదు. పదునొకండవ దినమున మరల సెల్ఫ్ లేదు. క్రొత్త బ్యాటరీ కొని వేసినారు. మూడు వారములకు అదియు దిగిపోయినది. అప్పుడు ఒక ముసలి మిస్త్రీ వచ్చి చూచి, "అన్నా, బ్యాటరీ మంచిగనే ఉన్నది. దీన్ని తాగేటోడు వేరే ఉన్నడు" అనెను. ఆ త్రాగువానిని వెదకు మార్గమే ఈ ప్రసంగము. తమ బండి జాతరకు పోకపోయినను, ఇంటి ఇన్వర్టరు గలవారికి సైతము ఇందు సగము పనికివచ్చును.

ముందుగ బ్యాటరీ యన నేమో కొంచెము చూతము. సీసపు పలకలను నీరు కలిపిన గంధకికామ్లములో ముంచి విద్యుత్తును నిలువచేయు విధానమును 1859లో గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనుగొనెను. నేటికిని మన బండ్లలో నుండునది మూలమున అదియే. ఒక అర సుమారు 2 వోల్టుల నిచ్చును. అట్టి ఆరు అరలు వరుసగ కలిపిన 12 వోల్టుల బ్యాటరీ. విద్యుత్తు వాడుచున్న కొలది ఆమ్లములోని గంధకిత భాగము పలకలకు పట్టుకొని, సీసపు గంధకితముగ మారును, ఆమ్లము పలుచనగును. ఛార్జి చేయునపుడు ఆ మార్పు వెనుకకు జరిగి, ఆమ్లము తిరిగి చిక్కబడును. ఇక్కడ ఒక సంగతి జ్ఞప్తి నుంచుకొనవలెను. దిగిన బ్యాటరీని అట్లే వారములు వదలినచో ఆ గంధకితము మెత్తని పొరగ నుండక గట్టి స్ఫటికములై బిగిసిపోవును. పిదప ఎంత ఛార్జి చేసినను కరగదు. బ్యాటరీ ఒకమారు దిగిపోవుట కంటె, దిగిపోయి పడియుండుట ఎక్కువ చేటు. మా అన్నగారి పాత బ్యాటరీ నిట్లే సగము చంపుకొంటిమి.

మన పాత శ్రోతలలో కొందరికి ఈ ఆమ్లపు డబ్బాతో పూర్వ పరిచయము కలదు. గ్రామములకు కరెంటు రాని కాలమున వాల్వుల రేడియోలు బ్యాటరీలతోనే పాడెడివి. వాల్వులను వెలిగించుటకు చిన్న సీసపు బ్యాటరీ యొకటి, అధిక వోల్టేజికి ఎండు బ్యాటరీ యొకటి. సీసపు దానిని చంకన బెట్టుకొని పట్టణమునకు మోసికొనిపోయి ఛార్జి చేయించి తేవలసియుండెను. అది దిగుచున్నదన్న సంగతి పాట నీరసించుట చేతనే తెలియును. వార్తల వేళకు మిగులునో లేదో యని పొదుపు చేసికొన్న ఆనాటివారికి, బ్యాటరీ యనగా నీళ్లకుండ వంటిదనియు, తోడిన కొలది తరుగుననియు ఎవరును చెప్పనక్కరలేకుండెను. నేడు బండి నడచినంతసేపు దానంతటదే నిండుచుండుట చేత మనము ఆ లెక్క మరచితిమి.

కావున మొదటి పరీక్ష కాగితము మీదనే చేయవలెను. మా బండి లెక్క ఇది. దీపములు రెండు, ఒక్కొక్కటి 9 వాట్లు, ఆరు గంటలు: 108 వాట్-గంటలు, అనగా 12 వోల్టుల వద్ద 9 ఆంపియర్-గంటలు. పంకా 24 వాట్లు, ఎనిమిది గంటలు: 16 ఆంపియర్-గంటలు. ఐదు చేతిఫోనులకు ఛార్జింగు, నష్టములతో కలిపి 8. వెరసి రాత్రికి 33. పగలు పాటలకు మరియొక 12. రెండు బ్యాటరీల మీద ముద్రించినది 70, 80. మొత్తము 150 ఆంపియర్-గంటలు. కాని వయసుడిగిన బ్యాటరీ అంత ఇయ్యదు. మావి నూరు ఇచ్చిన గొప్ప. అందులోను సగమునకు దిగువకు తోడుట పలకలకు హాని. ఈ లెక్క ప్రకారము మాకు ఒక రాత్రి నిశ్చింత, రెండవ రాత్రి అప్పు. బ్యాటరీ చెడినదని తలచు సందర్భములలో ఎన్నియో నిజమునకు కూడికలోని పొరపాట్లే.

అయినను బండి ఇంటి ముందు ఊరక నిలిచియుండగా పది దినములలో దిగిపోవుటకు ఈ లెక్క చాలదు. అందుకు కొలత కావలెను. మల్టీమీటరు ఒకటి ఇంట నుండుట మంచిది. అది కొన్ని వందల రూపాయలకే దొరకును. బండిని ఆపిన వెంటనే వోల్టులు చూడరాదు. అప్పుడు కనబడునది పైపై పొంగు మాత్రమే. ఒక రాత్రి విశ్రాంతి నిచ్చి ఉదయమున చూడవలెను. 12.6 గాని అంతకు కొంచెము పైన గాని యున్న నిండుగ నున్నట్లు. 12.4 యన్న ముప్పాతిక, 12.2 సగము, 12.0 పాతిక. 11.8 వద్ద దాదాపు ఖాళీ. సున్నకును నిండునకును నడుమ ఒక వోల్టు తేడా కూడ లేదన్న మాట. అందుచేతనే "పన్నెండు చూపుచున్నది, బాగున్నది" యను మాట మోసకరము.

మూతలు విప్పుటకు వీలున్న బ్యాటరీకి హైడ్రోమీటరు ఇంకను నమ్మదగిన సాక్షి. నిండిన అరలో ఆమ్లపు విశిష్ట గురుత్వము 1.26, 1.28 మధ్య నుండును. ఐదు అరలు 1.25 చూపి ఒకటి మాత్రము 1.20 చూపిన, ఆ అర చెడినది. ఇక ఆ బ్యాటరీ మీద శ్రమ వృథా. ఆరును సమముగ తక్కువైన బ్యాటరీది తప్పు కాదు, నింపుటలో గాని తోడుటలో గాని లోపము.

నింపుట సంగతి ఇంజను నడుచుచుండగా తెలియును. అప్పుడు బ్యాటరీ కొసల వద్ద 13.8 నుండి 14.4 వరకు వోల్టులు రావలెను. 13కు దిగువనున్న ఆల్టర్నేటరు గాని, దాని బెల్టు గాని, మధ్య తీగలు గాని చూపించుకొనవలసినదే. మన మిస్త్రీలు ఇప్పటికిని దానిని డైనమో అనియే పిలుతురు. ఇంకొక భ్రమ కలదు: గంట సేపు బండి త్రిప్పిన బ్యాటరీ నిండిపోవునని. మొదటి భాగము త్వరగ నిండును గాని, చివరి అయిదవ వంతు గంటల కొలది సమయము తీసికొనును. వరంగల్లు చౌరస్తా నుండి హనుమకొండ వరకు పోయివచ్చు బండి రోజుకు నాలుగుసార్లు సెల్ఫ్ వాడి, ఆ వాడినదానిని తిరిగి సంపాదించుటయే కష్టము. అట్టివారు నెలకొకసారి ఛార్జరుతో, బ్యాటరీ శక్తిలో పదవ వంతు ప్రవాహమున, అనగా 80 ఆంపియర్-గంటల దానికి 8 ఆంపియర్లతో, నిండువరకు పెట్టుట మేలు.

ఇప్పుడు దొంగ సంగతి. బండి ఆపి, తాళము తీసి, అన్నియు ఆర్పి, తలుపులు మూయవలెను. క్రొత్త బండ్లలోని యంత్రములు పూర్తిగ నిద్రపోవుటకు అరగంట పట్టును, అంతవరకు వేచియుండవలెను. పిదప బ్యాటరీ నెగెటివు తీగను విప్పి, ఆ తీగకును బ్యాటరీ కొసకును మధ్య మల్టీమీటరును 10 ఆంపియర్ల స్థానమున నుంచి కలుపవలెను. ఈ స్థితిలో ఎట్టి పరిస్థితిలోను తాళము త్రిప్పరాదు. సెల్ఫ్ వందల ఆంపియర్లు లాగి మీటరును కాల్చివేయును. మీటరు 0.05 ఆంపియరు లోపల చూపిన దోషము లేదు. గడియారము, తాళపు యంత్రము, మొదలైనవాటికి ఆ మాత్రము కావలెను. అదియు తక్కువ కాదు సుమా: దినమునకు 1.2 ఆంపియర్-గంటలు, నెలకు 36. నెలల కొలది ఊరికి పోవువారు నెగెటివు తీగ విప్పి పోవుట అందుచేతనే మంచిది.

మా అన్నగారి బండిలో మీటరు 0.42 చూపినది. దినమునకు పది ఆంపియర్-గంటలు! నూరు గల బ్యాటరీలు పది దినములలో ఖాళీ యగుటలో వింత యేమున్నది? మిస్త్రీ ఫ్యూజులను ఒకటొకటిగ లాగి చూచెను. దీపములది లాగిన మార్పు లేదు. హారనుది లాగిన మార్పు లేదు. పాటల పెట్టె ఫ్యూజు లాగగనే అంకె 0.03కు పడిపోయెను. ఆ పెట్టెకు జతగ పెట్టించిన ఆంప్లిఫయరు తీగను, తాళముతో ఆరిపోవు తీగకు కలుపక, ఎల్లప్పుడును విద్యుత్తు నుండు తీగకు కలిపియుండిరి. పాట లేకున్నను అది రాత్రింబవళ్లు మేలుకొనియే యున్నది. రేడియో ప్రియులమైన మా ఇంటిలో రేడియోయే దొంగయని తేలుట చూచి పెద్దమ్మ చాలసేపు నవ్వినది. తీగ మార్చుటకు పది నిమిషములు పట్టినది; అంతకుముందు క్రొత్త బ్యాటరీకి వేలు ఖర్చైనవి.

అన్ని ఫ్యూజులు తీసినను అంకె తగ్గని బండ్లు కొన్ని యుండును. అప్పుడు అనుమానము ఆల్టర్నేటరులోని డయోడు మీదికి పోవలెను. దానికి వచ్చు లావు తీగను విప్పిన అంకె పడిపోయినచో అదియే కారణము. మరికొన్నిట బ్యాటరీ పైకప్పే దొంగ. ఆమ్లపు తడి, దుమ్ము కలిసి రెండు కొసల మధ్య సన్నని దారి యేర్పరచును. తినే సోడా కలిపిన నీటితో, అది లోనికి పోకుండ మూతలు బిగించి, తుడిచి ఆరబెట్టిన చాలును. కొసల మీది తెల్లని, పచ్చని పిండియు దానితోనే పోవును. పిదప కొంచెము వాసలీను పూయవలెను.

ఇంకను ఒక ప్రశ్న మిగిలినది. ఆ రాత్రి పంకా తిరుగుచుండగా పెద్దమ్మ యంత్రము ఏల నడువలేదు? దీనిని మేము చాలకాలము గ్రహింపలేదు. బ్యాటరీలో అప్పటికి పాతిక వంతు మిగిలియుండెను. పంకా లాగునది 2 ఆంపియర్లు. ఇన్వర్టరు ద్వారా 120 వాట్ల నెబ్యులైజరు లాగునది 12. ముందు సీటు క్రింది బ్యాటరీకిని వెనుక తలుపు వద్ద ఇన్వర్టరుకును నడుమ ఐదు మీటర్లు. పోను రాను పది మీటర్లు. వేసిన తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లది. అట్టి పది మీటర్ల రాగి తీగ నిరోధము 0.07 ఓము. 12 ఆంపియర్లు పారగనే 0.8 వోల్టు తీగలోనే హరించును. మోటారు కదలు క్షణమున ఇంకను ఎక్కువ. బ్యాటరీ వద్ద 11.6 యున్నను ఇన్వర్టరునకు 10.5కు దిగువ అందినది. ఆ హద్దు దాటగనే ఆగిపోవునట్లు దానిని నిర్మించిరి. పంకా తీగలో పోయినది 0.14 వోల్టు మాత్రమే; అందుచే దానికి తెలియనే లేదు. 16 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసియుండిన 0.8 స్థానమున 0.13 పోయెడిది. రెండు బ్యాటరీలను కలిపిన తీగయు ఆ సన్ననిదే యగుట చేత, రెండవది ప్రయాణమున ఎన్నడును నిండియుండదు. తీగ లావు కొలది నష్టము తక్కువ. నిప్పు భయమును తక్కువ. బ్యాటరీ పాజిటివు కొసకు జానెడు దూరములోనే ఫ్యూజు నుంచుట మాత్రము లావు తీగకును తప్పదు.

రెండు బ్యాటరీలను నేరుగ కలుపుట అన్నిటికంటె పెద్ద తప్పు. ఒకటి తోడిన రెండవది కూడ తరుగును. దీపముల కొరకు ఇంజను బలియగును. క్రొత్తదానిని పాతదానితో కలిపియుంచిన పాతది క్రొత్తదానిని తనతోపాటు లాగుకొనిపోవును. మా క్రొత్త బ్యాటరీ మూడు వారములకే పడిపోవుటకు పాటల పెట్టెతోపాటు ఇదియు కారణమే. రెండింటి నడుమ వోల్టేజిని చూచి కలుపుచు విడదీయుచు నుండు రిలే నుంచవలెను. ఇంజను నడచి 13.3 వోల్టుల ప్రాంతము దాటినపుడు అది కలుపును. ఇంజను ఆగి వోల్టులు తగ్గినపుడు విడదీయును. అప్పుడు జాతరలో ఎంత తోడినను సెల్ఫ్‌కు విద్యుత్తు మిగులును. దీపములకు పెట్టు బ్యాటరీ ఇంజను బ్యాటరీ రకము కారాదు. ఇంజనుది పలుచని పలకలతో క్షణకాలము పెద్ద ప్రవాహ మిచ్చుటకు పుట్టినది. నిదానముగ, లోతుగ తోడుటకు లావు పలకల రకము, మన ఇండ్ల ఇన్వర్టర్లకు వాడు ట్యూబులరు రకము తగును.

పైకప్పు మీద సౌరఫలకము పెట్టుట ఇటీవల పెరుగుచున్నది. 100 వాట్ల ఫలకము మంచి ఎండలో దినమునకు సుమారు 400 వాట్-గంటలిచ్చును. మా రాత్రి లెక్కకు సరిగ సరిపోవును. కాని తాడ్వాయి అడవిలో చల్లగ నుండునని చెట్టు క్రింద బండి నిలుపుట మన అలవాటు. నీడ పడిన ఫలకము పైకప్పుకు బరువే గాని బ్యాటరీకి బలము కాదు. నియంత్రణ పెట్టె లేకుండ నేరుగ కలిపిన, రాత్రివేళ ఫలకమే బ్యాటరీ నుండి కొంత వెనుకకు త్రాగును.

వేసవి సంగతి వేరుగ చెప్పవలెను. మన వైశాఖ జ్యేష్ఠములలో నీడలోనే నలువది రెండు, నలువది మూడు డిగ్రీలుండును. ఊరక నున్న బ్యాటరీ తనంతట తాను కోల్పోవు విద్యుత్తు, వేడి పది డిగ్రీలు పెరిగిన రమారమి రెట్టింపగును. నీరును త్వరగ ఇగురును. పలకలు మునుగునట్లు డిస్టిల్డ్ వాటరే పోయవలెను; బావినీరు, బోరునీరు పనికిరావు. ఆమ్లము పోయుట తప్పు. ఇగిరినది నీరే గాని ఆమ్లము కాదు. ఇంటి ఇన్వర్టరు బ్యాటరీలలో చాల భాగము, కరెంటు కోతలు తగ్గిన తరువాత ఎవరును మూత తీసి చూడకపోవుట చేతనే చచ్చుచున్నవి.

ఛార్జి అగునపుడు బ్యాటరీ నుండి ఉదజని, ఆమ్లజని వాయువులు వెలువడును. అగ్గిపుల్ల, బీడీ దగ్గరకు రారాదు. విప్పునపుడు నెగెటివు ముందు, బిగించునపుడు నెగెటివు చివర. అట్లయిన పానా బండి శరీరమునకు తగిలినను మెరుపు రాదు. ఆమ్లము కంటబడిన వెంటనే ధారగ నీరు పోసి వైద్యుని యొద్దకు పోవలెను.

ఊపిరి యంత్రము వంటివాటిని బండి బ్యాటరీకి నమ్మి వదలరాదని మేము నేర్చుకొంటిమి. పెద్దమ్మకు ఇప్పుడు తన సొంత చిన్న బ్యాటరీతో నడచు నెబ్యులైజరు కలదు. వైద్యుని సలహాపై పీల్చు మందు గొట్టమును చీరకొంగున ముడివేసికొనుచున్నది. బండిలో రిలే, లావు తీగ వేయించితిమి. చెడిన పాత బ్యాటరీని మాత్రము పెరటిలో పడవేయలేదు, చిల్లర సామాను కొనువానికి ఈయలేదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమములు వాడిన బ్యాటరీని తిరిగి సేకరించు బాధ్యతను తయారుచేయువారిపై నుంచినవి. దుకాణదారు దానిని తీసికొని క్రొత్తదాని వెలలో కొంత తగ్గించెను.